పిడకలదిన్నె మీద కావలి

కొండకీ ఏటికీ నడుమ బోడిదిన్నె ఒకటుంది. దాని మీద చెట్టు లేదు, చెలమ లేదు. వానలకు మోకాలెత్తు గడ్డి లేస్తుంది, కార్తీకం దాటేసరికి ఎండి గలగలమంటుంది. ఆ గడ్డే తిని, ఆ గడ్డే నెమరేసి, ఏ తరం నుంచో ఒక గేదెల మంద అక్కడ కాపురముంటోంది. ఎగువన కొండ మీద పెద్దపులి దొరతనం. దిగువన ఏటి అవతల ఎలుగురాజు ఏలుబడి. వెనకటి రోజుల్లో ఈ ఇద్దరిలో ఎవరూ దిన్నె వంక చూసేవారు కాదు. చూడాల్సి వస్తే ముక్కు మూసుకుని చూసేవారు. "పేడకాళ్ళవాళ్ళు" అనేవారు.

ఆ మాట అన్నవాళ్ళు మర్చిపోయారు. కాటుకమ్మ మర్చిపోలేదు.

కాటుకమ్మ మందకు పెద్ద. ఒక కొమ్ము తిన్నన, ఒక కొమ్ము వంకర. చదువు లేదు, సంధ్య లేదు. పిడక విషయంలో మాత్రం ఆవిడకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. దిన్నె మీద పొద్దంతా ఎండపడే వాలులో ఆరుబండ అని పెద్ద చదును రాయి ఉంది. తెల్లారగానే మంద అక్కడికి చేరి, పేడలో ఎండుగడ్డి నలిపి కలిపి, బాగా తొక్కి, ముంగాళ్ళతో చరిచి బండ మీద వేస్తుంది. రెండో నాడు తిరగెయ్యాలి. నాలుగో నాడు నిలబెట్టాలి. వారం నాటికి కాటుకమ్మ వచ్చి తిన్నటి కొమ్ముతో ఒక్కొక్కదాన్నీ తట్టి చూస్తుంది. గట్టి చప్పుడొస్తే పిడకలు పేర్చే గూట్లోకి. మెత్తని చప్పుడొస్తే మళ్ళీ తొక్కుడు గుంటలోకి.

"ఇదెవరు కొట్టార్రా?"

"నేనే పెద్దమ్మా," అన్నాడు అప్పన్న. చెల్లెలి కొడుకు, మంచి వయసులో ఉన్న దున్న.

"అంచు పలచన, నడుం లావు. కుంపట్లో వేస్తే అంచు మాడిపోయి నడుం పొగ కక్కుతుంది. మళ్ళీ కొట్టు."

"ఎవడి కుంపటో పొగ కక్కితే మనకేంటి పెద్దమ్మా?"

"పిడక మీద నా పేరుంటుందిరా. మళ్ళీ కొట్టు."

ఇక్కడ పిడకల సంగతి కొంచెం చెప్పుకోవాలి. కొండ మీద ఉన్న కట్టెనంతా పులులు రెండు తరాల్లో తగలేసుకున్నాయి. ఏటి అవతల కట్టెకు కొదవ లేదు గానీ, ఆ పల్లపు అడవిలో ఏడాదంతా తడే, ఊది ఊది కళ్ళు పోవడమే తప్ప మంట రాదు. పుష్యమాసం మంచు దిగితే కొండ గుహల్లో పులికూనలు, ఏటి గుహల్లో ఎలుగుపిల్లలు బిగుసుకుపోయేవి. దిన్నె పిడక ఒకటి కుంపట్లో వేస్తే మాత్రం తెల్లారిందాకా ఎర్రగా కూర్చుంటుంది. ఈ సంగతి కొండకీ తెలిసింది, ఏటికీ తెలిసింది. గాడిదలు రెండు వైపులా పిడకలు మోయడం మొదలుపెట్టాయి. బదులుగా కొండ నుంచి ఉప్పురాయి, ఏటి నుంచి రేవులో దిగి నీళ్ళు తాగే దారి. అప్పటి నుంచీ ఎవరూ ముక్కు మూసుకోవడం లేదు.

ఆ మార్గశిరంలో ఒక పొద్దున, కొండ నుంచి గుంటనక్క పానకాలు దిగాడు. మెడలో అడవిబంతి దండ, చేతిలో ఇంకో దండ.

"అక్కగారూ! బాగున్నారా?"

కాటుకమ్మ పిడకలు తట్టడం ఆపలేదు. "ఎవరికిరా అక్క?"

"అదేంటండీ, దిన్నె మీద పెద్దవారు మీరు. మిమ్మల్ని కాక ఎవర్ని అంటాను?"

"మీ నాన్న పేరేంటి?"

పానకాలు మెడలో దండ సర్దుకున్నాడు. "గురవయ్యండీ."

"కొండవాకిలి దగ్గర కూర్చునేవాడు. అవునా?"

"అవునండీ. మీకు తెలుసా?"

"నాకు తెలుసు. కరువు ఏడు మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని మీ కొండకొచ్చింది, రెండు పూటలు గడ్డి మేస్తామని. మీ నాన్న వాకిట్లో ఆపి డెక్కలు కడుక్కోమన్నాడు. కడిగింది. మళ్ళీ కడగమన్నాడు. నాలుగుసార్లు కడిగింది. నాలుగోసారి అయ్యాక, దొరగారు పడుకున్నారు, రేపు రమ్మన్నాడు. నేను అప్పటికి దూడని. అయినా నాలుగూ లెక్కపెట్టుకున్నాను."

పానకాలు చేతిలోని దండ కింద పెట్టి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "పాత సంగతులకేం లెండి. దొరవారు మీ గురించి రాత్రింబవళ్ళు బెంగ పెట్టుకున్నారు. ఆ ఏటి అవతల ఎలుగు ఉన్నాడే, వాడి చూపు ఈ దిన్నె మీదుంది. ఏ క్షణాన మీద పడతాడో. అందుకని నలభై తోడేళ్ళను మీ కాపలాకు పంపుతానన్నారు."

అంతలో రెక్కల చప్పుడై ఒక కొంగ ఆరుబండ మీద వాలింది. ఎలుగురాజు మంత్రి వైకుంఠం. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు అరమూసి, ప్రవచనం చెప్పేవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"తల్లీ కాటుకమ్మా, పులి చూపు ఈ దిన్నె మీదుంది. మా రాజుగారికి నిద్ర పట్టడం లేదు. అందుకని ముప్ఫై అడవిపందుల్ని..."

"పక్కన చూసి మాట్లాడు వైకుంఠం," అంది కాటుకమ్మ.

కొంగ ఒక కన్ను పూర్తిగా తెరిచి నక్కను చూశాడు. "ఓ, పానకాలూ. నువ్వెప్పుడొచ్చావు?"

"నీకంటే ముందే."

"ఇద్దరూ వినండి," అంది కాటుకమ్మ. "మాకు కాపలా అక్కర్లేదు. పిడకలు కొండకీ వస్తాయి, ఏటికీ వస్తాయి. నిన్న వచ్చినట్టే రేపూ వస్తాయి. బండ దిగు వైకుంఠం, పచ్చి పిడక తొక్కుతున్నావు."

వాళ్ళు వెళ్ళాక అప్పన్న ఛాతీ పొంగించుకుని వచ్చాడు. "పెద్దమ్మా, ఇద్దరు రాజులు మనకోసం పోటీ పడుతున్నారంటే మనం ఎంత గొప్పవాళ్ళమైపోయాం!"

"మనకోసం కాదురా పిచ్చోడా, మన తోక కింద పడేదానికోసం."

అక్కర్లేదన్నా మూడో నాటికి తోడేళ్ళు దిగాయి. వాటిని చూసి నాలుగో నాటికి పందులొచ్చాయి. తోడేళ్ళు దిన్నె ఎగువ అంచు పట్టుకున్నాయి, పందులు దిగువ రేవు పట్టుకున్నాయి. చలికి పడుకోవడానికని దిన్నె మీదున్న ఎండుగడ్డినంతా పీకి పరుపులు వేసుకున్నాయి. ఆరుబండ మీద సగం తోడేళ్ళ బస. వెచ్చగా ఉంటుందట. దూడలు నీళ్ళకు వెళ్తే పందులు ఆపి, ఎగువ వాళ్ళతో ఏం మాట్లాడారని అడిగేవి. తిరిగి వస్తే తోడేళ్ళు ఆపి, దిగువ వాళ్ళతో ఏం మాట్లాడారని అడిగేవి.

"కొన్నాళ్ళు ఓర్చుకుందాం పెద్దమ్మా. కాపలా అంటే ఆమాత్రం ఉంటుంది," అన్నాడు అప్పన్న.

"దేనికి కాపలా?"

"మనకే."

అసలు జవాబు దానంతటదే వచ్చింది.

ఒక మధ్యాహ్నం అకాలపు వాన విరుచుకుపడింది. ఏరు ఒక్కసారిగా పొంగి రేవు కోసుకుపోయింది. నీళ్ళకు వెళ్ళిన అప్పన్న కూతురు నల్లపూస, మూడు నెలల దూడ, కొత్త ఒండ్రులో పొట్ట దాకా దిగబడిపోయింది. దాని అరుపు దిన్నె అంతా వినపడింది. ఎగువ నుంచి తోడేళ్ళు పరుగెత్తాయి. దిగువ నుంచి పందులు పరుగెత్తాయి. అన్నీ ఆ దూడ పక్క నుంచే పోయాయి. పోయి, పిడకల గూళ్ళ మీద తాటాకులు కప్పడానికి ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

అప్పన్న తోడేళ్ళ నాయకుడికి అడ్డం నిలబడ్డాడు. "అయ్యా, నా బిడ్డ మునిగిపోతోంది! నలుగుర్ని పంపవయ్యా!"

ఆ తోడేలు నిజంగానే బాధపడ్డట్టు ముఖం పెట్టాడు. "మాకు గూళ్ళ గురించి ఆజ్ఞ ఉంది. దూడల గురించి ఏమీ చెప్పలేదు."

కాటుకమ్మ అప్పటికే ఒండ్రులో దిగింది. మెడ దాకా దిగబడి, వంకర కొమ్మును నల్లపూస పొట్ట కిందికి పోనిచ్చి ఎత్తింది. అప్పన్న వెనక నుంచి తలతో తోశాడు. తిన్నటి కొమ్ముతో ఆ పని అయ్యేది కాదు. దూడ గట్టున పడి, ముక్కులోంచి బురద చీది, తల్లి కోసం ఏడ్చింది.

అప్పన్న బిడ్డ ఒంటి మీది ఒండ్రంతా నాకి శుభ్రం చేశాడు. తరువాత అన్నాడు. "దేనికి కాపలానో తెలిసింది పెద్దమ్మా."

"సరే. ఇక నోరు మూసుకుని చెప్పినట్టు చెయ్యి."

మర్నాడే పానకాలు మళ్ళీ దిగాడు. ఈసారి దండ లేదు. వెంట ఒప్పందం రాసిన తాటిపట్ట ఒకటి.

"అక్కగారూ, దీని మీద మీ డెక్క ముద్ర వెయ్యాలి. ఇక నుంచి దిన్నె పిడకలన్నీ కొండకే, ఆరుబండ మీద కావలి ఎప్పటికీ కొండదే అని. పౌర్ణమి దాకా గడువిచ్చారు దొరవారు."

"వెయ్యకపోతే?"

"దొరవారికి కోపం వస్తుంది. పులికి కోపం వస్తే ఏం చేస్తుందో గేదెకు నేను చెప్పాలా?"

"తినమను. పొట్ట నిండా తిని, ఆ రాత్రి కుంపట్లో ఏం వేసుకుంటాడు? మా కొమ్ములా? అయినా నీ దొర నా మెడ పట్టుకోగానే ఎలుగు ఆయన వీపు పట్టుకుంటాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలియకపోతే ఇన్నాళ్ళూ పూలదండలు పంపేవాడు కాదు."

పానకాలు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "పోనీ ముద్ర వెయ్యకండి. ఏం చేస్తారు? పిడకలు ఆపుతారా? రోజూ మేస్తారు, రోజూ వేస్తారు. అది మీ చేతుల్లో లేదు కదండీ. పొట్టకు చెప్పగలరా, ఇవాళ వద్దని? మీరు వేస్తూనే ఉంటారు, మేం తీసుకుంటూనే ఉంటాం. ముద్ర అనేది మర్యాద కోసం." అని తన మాటకు తనే ముచ్చటపడి ఖిఖీమని నవ్వాడు.

కాటుకమ్మ అతన్ని నెమరేస్తున్నట్టు చూసింది. ముద్ద ఒకటి పైకి తెచ్చుకుని, నిదానంగా నమిలి, మింగింది.

"నిజమేరా పానకాలూ. పొట్టకు చెప్పలేం."

"అదీ మాట!"

"అయితే ఒకటి. ఉన్న ఎండుగడ్డి మీ తోడేళ్ళు పరుచుకున్నాయి. ఆకలితో ముద్రలు వెయ్యలేం. మీ కొండ పచ్చిక ఉందే, మా అమ్మ అడిగితే మీ నాన్న పెట్టనిది, ఆ లేత పచ్చిక పంపించు. రోజూ పంపించు. పిల్లా పెద్దా కడుపునిండా తిని, పౌర్ణమి నాడు ఆలోచిస్తాం."

"అంతేనా! దానికేం భాగ్యం!"

"ఇంకొకటి. గూళ్ళలో ఉన్న పాత పిడకలు సగం మీరే తోలుకుపోండి. మిగతా సగం ఏటికి. దాచి ఏం చేసుకుంటాం? కొత్తవి ఎటూ వస్తూనే ఉంటాయి, నువ్వే అన్నావుగా."

పానకాలు తోక ఊపుకుంటూ కొండెక్కాడు. ఆ సాయంత్రమే వైకుంఠం వాలాడు. అతనికీ ఒక తాటిపట్ట, అతనికీ ఒక పౌర్ణమి.

"కొండవాళ్ళు పచ్చిక పంపుతున్నారటగా తల్లీ? మేమేం తీసిపోయాం? ఏటిగట్టు మీద గరిక ఎంత లేతగా ఉంటుందో తెలుసా? నీళ్ళు పిండొచ్చు."

"పిండొచ్చా? అయితే అదే పంపు."

ఇక చూడాలి ఆ పోటీ. పొద్దున కొండ పచ్చిక వస్తే మధ్యాహ్నానికి ఏటి గరిక వచ్చేది. కొండవాళ్ళు పది మోపులంటే ఏటివాళ్ళు పదిహేను. మోసి మోసి గాడిదల వీపులు పచ్చబడ్డాయి. పాత గూళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. దొరతనం చూపించుకోవడానికి కొండ మీద వాకిలి వాకిలికీ నెగడు వేశారు. అది చూసి ఏటి అవతల గట్టు పొడవునా నెగళ్ళు వేశారు. పగటిపూట కూడా. దిన్నె మీద నిలబడితే ఎగువా పొగే, దిగువా పొగే.

అప్పన్న గరిక నములుతూ అడిగాడు. "పెద్దమ్మా, నీకు వీళ్ళ గడ్డంటేనే గిట్టదు కదా. ఇప్పుడేంటి?"

"రుచిగా లేదా?"

"అమృతంలా ఉంది."

"అయితే తిను. మాటలు తగ్గించి తిను."

అయిదో నాడు అప్పన్నకు అర్థమైంది. తెల్లవారి ఆరుబండ దగ్గరికి వెళ్ళి, పేడ తొక్కి, ముంగాలితో చరిచి బండ మీద వేశాడు. అది పిడకలా నిలబడలేదు. అంబలిలా జారి, బండ వాలు వెంట సాగి, కింద పడుకున్న తోడేలు చెవిలోకి దిగింది.

అప్పన్న కాటుకమ్మ వంక చూశాడు. కాటుకమ్మ ఆకాశం వంక చూసింది.

"పెద్దమ్మా! పచ్చిక!"

"అరవకు. నాకు చెవుడు లేదు."

ఆ రోజుకు మంద మొత్తానికి అదే స్థితి. దిన్నె అంతా పచ్చటి చిత్తడి. తోడేళ్ళ నాయకుడు కంగారుపడి తన వాళ్ళనే పిడకలు కొట్టమన్నాడు. నలభై తోడేళ్ళు పేడలో ముంగాళ్ళు పెట్టాయి. ఒకటి జారితే దాని మీద రెండోది జారింది. అది చూసి పకపకా నవ్విన పందులు తాము మొదలుపెట్టి, కొడుతున్నామా తింటున్నామా అన్నది మర్చిపోయాయి. సాయంత్రానికి రెండు దండుల్లో ఏది తోడేలో ఏది పందో పోల్చుకోవడం కష్టమైపోయింది. కాటుకమ్మ గట్టు మీద పడుకుని, అటూ ఇటూ దవడ తిప్పుతూ, "మోచేయి వంచకూడదు నాయనా," అని ఒకటి రెండు సార్లు సలహా కూడా ఇచ్చింది.

సుఖంగా ఏమీ గడవలేదు. దూడలకు పొట్టలు ఉబ్బాయి. నల్లపూస రెండు పూటలు లేవలేదు. ఆ రెండు పూటలూ కాటుకమ్మ దాని పక్కనే కూర్చుని, తోడేళ్ళ పరుపుల కింద నుంచి ఏరుకొచ్చిన నాలుగు ఎండు పరకలు దాని నోట్లో పెట్టింది. "నీకు చేసిన అన్యాయం కూడా వాళ్ళ పద్దులోనే రాస్తానే తల్లీ," అంది. దూడ లేచి నిలబడేదాకా ఆవిడ నెమరు వెయ్యలేదు.

పౌర్ణమికి ముందే పుష్యపు మంచు దిగింది. కొండ మీద నెగళ్ళు ఒక్కొక్కటే ఆరాయి. ఏటి అవతల గట్టు చీకటి పడింది. గేదెలకేం, ఒకదాని డొక్కకు ఒకటి ఆనుకుని పడుకుంటే అదే కుంపటి. రెండు రాజ్యాల్లో మాత్రం పళ్ళు టకటకలాడే చప్పుడు దిన్నె దాకా వినపడింది.

మూడో పొద్దున నక్కా కొంగా ఒకేసారి వచ్చారు. నక్క మీసాల మీద మంచు. కొంగ ఈసారి రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు.

"ఏంటిది?" అని అరిచాడు పానకాలు. "ఏం చేశావు? మా దొరవారి కూనలు చలికి నీలబడుతున్నాయి!"

"నేనేం చేశాను? మేశాను, వేశాను. పొట్టకు చెప్పలేం అన్నది నువ్వేగా?"

"ఇది పిడక అవుతుందా?"

"అవదు. ఎండుగడ్డి మేస్తేనే పిడక. పచ్చిక మేస్తే చిత్తడి. మా మూడు నెలల దూడనడిగినా చెబుతుంది. మీ నాన్ననడిగినా చెప్పేవాడు కాదు, ఎందుకంటే ఆయన ముక్కు మూసుకునే ఉండేవాడు. నువ్వూ అంతే. గూళ్ళు ఎంత ఎత్తున్నాయో చూశావు, ఎన్ని బస్తాలో చూశావు, ఎక్కడ కావలి పెట్టాలో చూశావు. లోపల ఏముందో ఎప్పుడైనా వంగి చూశావా?"

వైకుంఠం గొంతు సవరించుకున్నాడు. "తల్లీ, ఇందులో మా తప్పేమీ లేదు. పచ్చిక మొదట పంపింది కొండవాళ్ళు..."

"నీళ్ళు పిండొచ్చన్నది ఎవరు వైకుంఠం?"

కొంగ కళ్ళు మూసుకున్నాడు.

"ముద్ర సంగతి తరువాత," అన్నాడు పానకాలు, గొంతులో దొరతనం తెచ్చుకోవాలని చూస్తూ. "ముందు పిడకలు కావాలి. ఏం చెయ్యాలో చెప్పు."

కాటుకమ్మ లేచింది. ముందు కాళ్ళు, తరువాత వెనక కాళ్ళు, తొందరేమీ లేకుండా. మంద మొత్తం ఆవిడ వెనక లేచింది.

"చెబుతా విను. తోడేళ్ళు కొండెక్కాలి, పందులు ఏరు దాటాలి. ఇవాళే. ఆరుబండ మీద డెక్క ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు. పందికీ డెక్క ఉందని తెలివి చూపించకు వైకుంఠం, నేను ఎవర్ని అంటున్నానో నీకు తెలుసు. రేవు మా దూడలది. అక్కడ ఎవర్నీ ఎవరూ ప్రశ్నలు అడగకూడదు. పీకి పరుచుకున్న ఎండుగడ్డికి బదులు కొండ నుంచి ఎండుగడ్డి, ఏటి నుంచి ఎండు రెల్లు ఇవాళే రావాలి. పిడకలు మునుపటిలాగే ఇద్దరికీ వస్తాయి. కావాలంటే పొలిమేర రాయి దాకా వచ్చి తీసుకోండి. అడిగి తీసుకోండి."

"ఇదంతా నేను దొరవారితో మాట్లాడి..."

"మాట్లాడుకో. గడ్డి మారిన మూడో నాటికి పేడ గట్టిపడుతుంది. కొట్టాక వారం ఎండాలి. ఈ మంచుకు ఇంకో రెండు రోజులు ఎక్కువే పడుతుంది. నువ్వు కొండెక్కి, దొరగారు లేచేదాకా కూర్చుని, దిగి వచ్చేసరికి ఎన్నాళ్ళో నువ్వే చూసుకో. కూనలు మీవి."

పానకాలు వైకుంఠం వంక చూశాడు. వైకుంఠం పానకాలు వంక చూశాడు. ఒకడు ఒప్పుకుని రెండోవాడు ఒప్పుకోకపోతే పిడకలు ఎవరికి పోతాయో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒకేసారి తలూపారు.

"ఆ తాటిపట్టలు ఇలా తెండి," అంది కాటుకమ్మ.

తెచ్చారు. ఆవిడ వాటి మీద డెక్క పెట్టలేదు. వెనక్కి తిరిగి, తోక ఎత్తి, వెయ్యాల్సిన ముద్ర వేసింది. పచ్చిక తిన్న ముద్ర. తాటిపట్ట దాటి పానకాలు పాదాల దాకా సాగింది.

మంద అంతా ఇకిలించింది. అప్పన్న ముఖం తిప్పుకుని నవ్వాడు.

"ఇంకొక్కటి మిగిలింది," అంది కాటుకమ్మ. "మా మందకు నీరసంగా ఉంది. మీ పచ్చిక చలవే. గడ్డి వచ్చి పేడ గట్టిపడ్డాక మొదటి గూటికి పిడకలు మీరిద్దరూ కొట్టాలి. చేతులతో."

"నేనా?" అన్నాడు పానకాలు. "కొండవారి దివాణంలో..."

"దివాణంలో కాదు, ఇక్కడే."

మధ్యాహ్నానికి తోడేళ్ళు పోయాయి, పందులు పోయాయి. సాయంత్రానికి ఎండుగడ్డి మోపులు, రెల్లు మోపులు వచ్చి పొలిమేర రాయి దగ్గర పడ్డాయి. నాలుగో పొద్దున, మందలో పేడ గట్టిపడ్డాక, ఆరుబండ పక్కన తొక్కుడు గుంటలో గుంటనక్క మోచేతుల దాకా, కొంగ మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డారు. మంచులో వాళ్ళ ఒంటి నుంచి ఆవిరి లేస్తోంది. నల్లపూస గట్టున నిలబడి తొంగి చూస్తోంది.

పానకాలు ఒకటి చరిచి బండ మీద వేశాడు. కాటుకమ్మ ముఖంలోకి చూశాడు.

ఆవిడ వచ్చి, వంగి, అంచు చూసి, నడుం చూసింది.

"అంచు పలచన. మళ్ళీ కొట్టు."

రెండోది కొట్టాడు. "గడ్డి కలవలేదు. మళ్ళీ." మూడోది కొట్టాడు. "వంకర పోయింది. మళ్ళీ." నాలుగోది కొట్టాడు. గుండ్రంగా, ఒకే మందాన, అప్పన్న కొట్టినంత బాగా వచ్చింది. చూడగానే అప్పన్నకే తెలిసింది.

కాటుకమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"దొరగారు పడుకున్నారు," అంది. "రేపు రా."

ఇంకొకరి వాకిట్లో కావలి పెట్టడం తేలికే గానీ, ఆ ఇంటి పని వంగి నేర్చుకోనివాడు ఆ ఇంటికి దొర కాలేడు.